నూకయ్య కొలతకర్ర

పొట్టివాడన్న మాట చెవిన పడితే దివాన్ పురుషోత్తంగారికి తల తీసేసినట్టుండేది. జమీందారుగారు ఆయనకి సైకిలు బహూకరించిన రోజున, సీటు ఎత్తు చూడడానికి సైకిళ్లు బాగుచేసే నూకయ్య వచ్చాడు. వెదురుబద్దకి జారే అడ్డపుల్ల బిగించి తనే ఓ కొలతకర్ర చేసుకున్నాడు. బద్దని నేలకి ఆనించి, పుల్లని దివాన్‌గారి తుంటిదాకా జరిపి, ఆ లెక్కన సీటు బిగించాడు.

సీటెక్కిన దివాన్‌గారికి పెడలు అందలేదు. నడిబజారులో, నలుగురూ చూస్తుండగా బోర్లాపడ్డారు.

"ఇది దొంగకర్ర ప్రభూ! వీణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టండి!" అని జమీందారుగారి కచేరీలో ఊగిపోయారు.

"చిత్తం ప్రభూ. ఒక్కసారి మళ్లీ కొలిచి పోతాను," అన్నాడు నూకయ్య. కర్ర జారకూడదంటూ నున్నటి రాతినేలమీద ముగ్గుపిండి చల్లి, దివాన్‌గారిని అందులో నిలబెట్టి కొలిచాడు. మునుపటి కొలతే వచ్చింది.

"కాస్త ఇవతలికి రండి బాబయ్యా."

వచ్చి, వెనక్కి చూసుకున్న దివాన్‌గారికి సిగ్గుతో ప్రాణం చచ్చినట్టయింది. పిండిలో పది కాలివేళ్ల అచ్చులున్నాయి. మడమలు లేవు.

అది నూకయ్య కూడా చూశాడు. ఎవరి కంటా పడకముందే తుండుగుడ్డతో ఆ అచ్చులు చెరిపేశాడు.

"తప్పు కర్రదేనా?" అన్నారు జమీందారుగారు.

"దివాన్‌గారే సెలవివ్వాలి ప్రభూ," అని నూకయ్య తల వంచుకున్నాడు.

దివాన్‌గారు మెల్లగా వెళ్లి మళ్లీ పిండిలో నిలబడి, మడమలు ఆనించారు.

"ఇప్పుడు కొలువు నూకయ్యా. ఇందాక నేను మునివేళ్లమీద నిలబడ్డాను."