చెరువు చుట్టూ మూడు చుట్లు

రేగులపాడు చెరువుకు ఏటా కార్తీకంలో ఉత్తరం నుంచి చుట్టాలొస్తారు. తెల్లటి తల, తల వెనక రెండు నల్లచారలు, పసుపుపచ్చని ముక్కు. వలసబాతులు. మంచుకొండలకు అవతల పుట్టి, ఆ కొండల మీదుగానే ఎగిరొస్తాయి. అక్కడ గాలి ఎంత పలచనంటే, మనిషి నాలుగడుగులు వేసి ఆయాసంతో కూలబడతాడు. ఈ పిట్టలేమో రెక్క ఆపకుండా కొట్టుకుంటూ దాటేస్తాయి. యంత్రం లేదు, మూటాముల్లే లేదు. ఒక రొమ్ము, రెండు రెక్కలు, అంతే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు చేతిలో పని ఆగిపోతుంది.

చెరువు మధ్యలో తుమ్మచెట్ల దిబ్బ ఉంది. అదే బాతుల కాలేజీ. తొలిసారి వచ్చిన పడుచు బాతులకు శీతాకాలమంతా అక్కడే చదువు. గాలి పాఠం, చుక్కల పాఠం, వరస కట్టే పాఠం. ప్రిన్సిపాల్ శిఖరమ్మ మేడం. కొండల్ని పద్దెనిమిదిసార్లు దాటిన ముసలి బాతు. నడక కాస్త కుంటుతుంది గానీ మాట కుంటదు.

అవతలి ఒడ్డున మనుషుల ఇంజనీరింగ్ కాలేజీ, దాని హాస్టలు. మెస్సు వెనక కుడితి తొట్టి. పిల్లలు వదిలేసిన పూరీలు, పులిహోర, బజ్జీలు అన్నీ అందులోనే పడతాయి. ఆ కుడితిని రోజూ పొద్దున్నే బండిమీద పశువుల దొడ్డికి చేర్చేది పుల్లన్న అనే ముసలి ఎద్దు. చెరువుకట్ట మీద అతని బండిచక్రం కిర్రు... కిర్రుమంటే ఆ చుట్టుపక్కల తెల్లవారినట్టు లెక్క.

ఆ ఏడు కొత్తగా చేరిన బాతుల్లో తుహిన ఒకతి. వచ్చిన వారానికే అమ్మ గుర్తొచ్చి, దిగులుపడి, ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోయింది. తొట్టి అంచున నూనె ఓడుతున్న పూరీ ముక్క కనిపించింది. తింది. దిగులు తగ్గింది. ఇంకేం, అదే అలవాటైంది. చుక్కల పాఠంలో తప్పితే రెండు పూరీలు, పాసైతే మూడు. ఉదయం ఎగురుడు క్లాసుకు వెళ్ళమంటే, "తలనొప్పి మేడం," అనేది. తలనొప్పికి మందు పులిహోర.

మాఘ పంచమినాడు శిఖరమ్మ అందరికీ పరీక్ష పెట్టింది. ఇక్కడొక విషయం చెప్పాలి. బరువైన పిట్టలు పిచ్చుకలా చటుక్కున లేవలేవు. నీళ్ళమీద పరుగెత్తి, రెక్కలు కొట్టి, ఆ ఊపులో గాల్లోకి లేవాలి. అందరూ పరుగెత్తారు, లేచారు. తుహిన కూడా పరుగెత్తింది. రెక్కలు టపటప కొట్టింది. పొట్ట మాత్రం నీళ్ళను వదల్లేదు. పోయి పోయి తామరాకుల్లో బోర్లాపడింది.

"ఒసే తుహినా, నీకు చెరువు చాలదే! హైవే వేయించాలి!" అని పైనుంచి అరిచింది ధవళ, తుహిన పక్క గూటి స్నేహితురాలు. అందరూ పడీపడీ నవ్వారు. తుహిన తామరాకు కింద తల దాచుకుంది.

శిఖరమ్మ నవ్వలేదు. దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది.

"ఫాల్గుణ పున్నమికి గాలి తిరుగుతుందమ్మా. ఆ తెల్లవారే బయల్దేరతాం. చెరువు చుట్టూ మూడు చుట్లు ఆగకుండా తిరిగినవాళ్ళే వరసలోకి."

"తిరగలేకపోతే, మేడం?"

"ఎండాకాలం ఈ చెరువు ఎండిపోతుంది. దిబ్బ చుట్టూ నీళ్ళుండవు. అప్పుడు నక్క నడిచే రావచ్చు." శిఖరమ్మ తుహిన వీపుమీద రెక్క వేసింది. "నిన్ను వదిలి పోవాలని నాకుందా తల్లీ? మోసుకుపోవడానికి మాకు చేతుల్లేవు."

ఈ మాటలన్నీ రెల్లుపొదలో ఒకడు చెవులు రిక్కించి విన్నాడు. సుబుద్ధి అనే నక్క. ఆ పేరు తనకు తనే పెట్టుకున్నాడు. సుబుద్ధికి పైవరసలో ఒక పన్ను లేదు. పోయినేడు ఓ బాతు మీదికి దూకితే, అది రెక్కతో లాగి ఒక్కటి కొట్టింది. బాతు రెక్కంటే ఈకల కట్ట అనుకోకండి, లోపలుండేది దుడ్డుకర్ర. అప్పట్నుంచీ సుబుద్ధికి రెక్కల్లో సత్తువున్న బాతంటే భయం, సత్తువ లేని బాతంటే ప్రాణం.

ఆ సాయంత్రం ఒడ్డున కూర్చుని సుబుద్ధి పిలిచాడు.

"అమ్మాయీ! దగ్గరికి రావద్దులే, నీళ్ళలోనే ఉండు. నక్కంటే నీకు భయమని తెలుసు. నాకూ కూతుళ్ళున్నారు, అందుకే చూడలేక చెబుతున్నా. ఎంతమందిని సన్నబరిచాననుకున్నావు! అందరూ నన్ను కోచ్ గారంటారు."

"నిజంగా సన్నబడతానా?" అంది తుహిన.

"ఒక్క మండలం. నలభై రోజుల దీక్ష. నియమం చాలా తేలిక, ఏమీ తినకపోవడమే. గడ్డిపోచ కూడా ముట్టకు. రెక్కలు కదపకు, కదిపితే ఆకలేస్తుంది. రోజూ పొద్దుగూకేవేళ వచ్చి నాకు కనిపించు. ఆఖరిరోజు ఒడ్డెక్కావంటే నేనే తూచి చెబుతా."

"దేంతో తూస్తారు?"

"అనుభవంతో," అన్నాడు సుబుద్ధి, పెదాలు నాకుతూ.

తుహిన నాలుగు రోజులు పచ్చి మంచినీళ్ళ మీద ఉంది. ఒళ్ళు తేలికైనట్టే అనిపించింది. ఐదోరోజు పొద్దున ఎగిరి చూద్దామని పరుగెత్తితే కాళ్ళు వణికాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. పొట్టతోపాటు రెక్కల సత్తువ కూడా కరిగిపోయింది మరి. ఏడుస్తూ పోయి తొట్టిలో తలపెట్టి, వరసగా ఏడు పూరీలు మింగింది. ఎనిమిదోది నోట్లో ఉండగా వెనక బండి ఆగింది.

"మెల్లగా తినమ్మా, పొలమారుతుంది," అన్నాడు పుల్లన్న.

తుహిన భోరుమంది. జరిగిందంతా చెప్పింది. పుల్లన్న నెమరేస్తూ విన్నాడు. అతనికి తొందరంటే తెలీదు.

"ఆ కోచ్ గారికి పన్ను ఎందుకు ఊడిందో అడిగావా?"

"లేదు తాతా."

"రెక్క దెబ్బకు. ఇప్పుడు చెప్పు. రెక్క కదపొద్దని నీకెందుకు చెప్పాడు?"

తుహిన నోట్లోంచి పూరీ జారి పడిపోయింది.

"భయపడకు, నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ నిన్నేం చేయలేడు. ఇంకో మాట అడుగుతా. నిన్ను గాల్లోకి లేపేదేది? ఖాళీ కడుపా?"

"...రొమ్ము కండ తాతా. మేడం క్లాసులో చెప్పారు."

"క్లాసులో ఉన్నావన్నమాట, సంతోషం. మరి ఆ కండ పస్తుంటే వస్తుందా? నా సంగతి విను. వయసులో ఉండగా ఓ ఏడు కాలు బెణికి ఆర్నెల్లు కొట్టంలో కట్టేశారు. తవుడు తిని పీపాలా తయారయ్యాను. మళ్ళీ కాడి ఎత్తితే మెడ మండిపోయింది. మా రైతు నాకు మేత మాన్పించలేదు, ఒకేసారి పదెకరాలూ దున్నించలేదు. మొదటిరోజు ఒక్క చాలు. రెండోరోజు రెండు. అంతే."

"ఇంకా ముప్పై అయిదు రోజులే ఉన్నాయి తాతా."

"అయితే ఇవాళే మొదలుపెడదాం. నూనె సరుకు మానెయ్. ఒడ్డున తూటిపొదల కింద లేతగడ్డి ఉంది, నీటినాచు ఉంది, అది కడుపునిండా తిను. నా బండి పక్కనే కట్టమీద నడువు. చక్రం ఒక చుట్టు తిరిగితే రెక్క ఒక్కసారి కొట్టు. ఎక్కడ అలిసిపోతే అక్కడ ఆగు. ఆ వేళకు నక్క పొదలో నిద్రపోతుంటాడు."

"నక్కకేం చెప్పను?"

"అబద్ధం చెప్పకు. అడిగినదానికి నిజమే చెప్పు. నీమీద ఆశ పెట్టుకున్నన్నాళ్ళూ వాడు ఇంకో పిట్ట జోలికి పోడు."

మొదటిరోజు తుహిన తాటిచెట్టు దాకా వెళ్ళి చతికిలబడింది. తాటిచెట్టు ఎంతో దూరం లేదు, మెస్సు వాసన ఇంకా వస్తూనే ఉంటుంది. రెండోరోజు రెక్కలు ఎత్తితే ఏడుపొచ్చింది. అయినా ఎత్తింది. కిర్రుమంటే ఒకటి, కిర్రుమంటే ఒకటి.

సాయంత్రాలు సుబుద్ధి పలకరించేవాడు.

"పూరీ ముట్టావా?"

"లేదు కోచ్ గారూ."

"రెక్కలెలా ఉన్నాయి?"

"ఎత్తలేకపోతున్నానండీ. ఒకటే లాగేస్తున్నాయి."

"భేష్!" అనేవాడు. అప్పుడే మూతిముందు నుంచి ఎండ్రకాయ పాకుతూ పోతే, 'ఛీ, అంత విందు పెట్టుకుని ఈ చిల్లర తిండెవడు తింటాడు, ఆకలి దాచుకోవాలి,' అని కాలితో పక్కకు తోసేవాడు.

పది రోజులకు తుహిన తూము దగ్గరికి చేరింది. పంతొమ్మిదోనాడు చుక్కల పరీక్షలో తప్పి, దిగులుపడి, మళ్ళీ మూడు పూరీలు తినేసింది. తల వేలాడేసుకుని పుల్లన్న ముందు నిలబడింది.

"అంతా పాడుచేశాను తాతా."

"మూడు పూరీలకే అంతా పాడవుతుందా? బండి బయల్దేరుతోంది, నడువు." అంతే. ఇంకొక్క మాట అనలేదు.

ఆ తర్వాత జరిగింది చూస్తే పుల్లన్నకే ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక పొద్దున తుహిన రెక్క కొడితే కట్టమీది దుమ్ము లేచింది. మరో పొద్దున బండిలో ఎండుటాకులు ఎగిరి అతని కొమ్ములకు చుట్టుకున్నాయి. వారం పోయాక, అడుగు తీసి అడుగు వేసే మధ్య, ఆ పిల్ల కాళ్ళు బెత్తెడు ఎత్తున నేలను వదిలేశాయి. ఒక్క క్షణమే. తుహిన కొయ్యలా నిలబడిపోయింది. పుల్లన్న కూడా. ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఎక్కడినుంచీ తేలేదు. అదే బాతు, అదే రెక్క. మరుగునపడిన బలం ఎక్కడినుంచి లేచి వస్తోంది? ముసలి ఎద్దు నెమరు మరిచిపోయి చూశాడు.

ఫాల్గుణ పున్నమి తెల్లవారింది. చెరువు సగానికి సగం ఇంకిపోయి ఒడ్డంతా బురద బయటపడింది. ఒక్కొక్కరే లేచారు, మూడు చుట్లు తిరిగి పైన వరస కట్టారు. చివరికి తుహిన వంతు. పరుగెత్తింది, రెక్క కొట్టింది, లేచింది! కానీ నీళ్ళు తగ్గి పైకి తేలిన తామరతూడు కాలికి చుట్టుకుంది. విసురుగా పోయి ఒడ్డు బురదలో పడింది.

లేచి చూసేసరికి నీటికీ తనకూ మధ్య సుబుద్ధి నిలబడి ఉన్నాడు.

"రామ్మా, రా. తూచే రోజొచ్చింది. రెక్కలు ముడుచుకుని కదలకుండా నిలబడు."

వెనక్కి పోతే నక్క. ముందు చెరువుకట్ట. పైన ఆకాశంలో తనవాళ్ళు గుండ్రంగా తిరుగుతున్నారు, దిగి సాయం చేయలేరు. "తుహినా, పరుగెత్తవే!" అని ధవళ గొంతు. తుహినకు కాళ్ళూ రెక్కలూ చచ్చుపడ్డట్టయ్యాయి.

అప్పుడు కట్టమీద వినిపించింది. కిర్రు... కిర్రు...

ఒళ్ళు ఆలోచించలేదు, దానికి ఆ పాఠం వచ్చు. కిర్రుమనగానే రెక్క లేచింది. తుహిన గట్టెక్కి బండిదారి పట్టుకుంది. సుబుద్ధి వెంటపడ్డాడు. మామూలు రోజుల్లో నక్కకు బాతు ఒక లెక్కా? కానీ నెలరోజులుగా విందుకోసం కడుపు మాడ్చుకున్న నక్క అది. తాటిచెట్టు దాటేసరికి నాలుక వేలాడింది. తూము దగ్గర ఉన్న సత్తువంతా కూడదీసి ఎగిరి దూకాడు. కోరలు తోక ఈకలకు తగిలాయి. తుహిన రెండు రెక్కలూ ఒక్కసారి కిందికి విసిరింది. ఒకటి నక్క మూతిమీద పడింది. రెండోది గాలిమీద పడింది.

నేల కిందికి వెళ్ళిపోయింది.

మొదటి చుట్టులో తుహినకు దిబ్బ కనిపించింది, చేటంత. రెండో చుట్టులో హాస్టల్ మేడమీద పళ్ళుతోముకుంటున్న కుర్రాళ్ళు బ్రష్షులు నోట్లో ఉండగానే తలలెత్తి ఆగిపోవడం కనిపించింది. మూడో చుట్టులో ఏమీ కనిపించలేదు, కళ్ళనిండా నీళ్ళు. పద్దెనిమిదిసార్లు మంచుకొండల్ని చూసిన శిఖరమ్మ, ఆ పిల్ల వచ్చి వరసలో చేరుతుంటే మెడ చాచి చూస్తూ ఉండిపోయింది. ధవళ పక్కకు జరిగి చోటిచ్చింది. "హైవే సరిపోయిందా?" అంది తుహిన. "నోరుమూసుకుని ఎగరవే," అంది ధవళ, ముక్కు ఎగబీలుస్తూ.

సూర్యుడు వచ్చేసరికి వరస మొత్తం ఉత్తరానికి తిరిగింది. ఆ కేకలు ఆకాశం ఆ చివరినుంచి ఈ చివరికి పాకాయి. అంత దూరం, అంత ఎత్తు, ఆ పలచని గాలి! అక్కడికి పోతున్నది నెల కిందట తాటిచెట్టు దగ్గర చతికిలబడిన పిల్ల. అది ఎంత బరువు తగ్గిందో ఎవరూ తూచలేదు, ఎవరికీ ఆ సంగతే గుర్తురాలేదు. ఆ పిల్ల చుక్కలా మాయమయ్యేదాకా పుల్లన్న చూస్తూ నిలబడ్డాడు. ఆరోజు దొడ్డికి కుడితి ఆలస్యమైంది.

తూము పక్కన సుబుద్ధి మూతి పట్టుకుని కూర్చున్నాడు. ఇంకో పన్ను పోయింది. డొక్కలు లోపలికి పోయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. పుల్లన్న బండి కదిలిస్తూ అతన్ని ఎగాదిగా చూశాడు.

"భలే సన్నబడ్డావయ్యా కోచ్ గారూ! నీ దీక్ష బాగా పనిచేసింది."

నీతి: పస్తు ఒంటిని ఎండబెడుతుంది, రోజూ కాస్త సాధనే రెక్కను లేపుతుంది.