తిప్పక్క నారింజ తొక్క

అనగనగా అని కథ మొదలుపెట్టేవాళ్ళ తాతలకు తాతలు ఇంకా అంబాడుతున్న రోజుల్లో, పెన్న ఒడ్డున ఒక నారింజ తోట ఉండేది. తోట దొరది. కాయ కోటది. తొనలు పిండి, బెల్లం కలిపి, కుండలకెత్తి పానకం కోటకు పంపేవాళ్ళు. తొక్కలు మాత్రం తోట వెనక గుంతలో పడేవి.

ఆ తొక్కలు ఒలిచే మనిషి తిప్పక్క. మొగుడు లేడు. ఉన్నది ఒక గుడిసె, ఒక సట్టి, ఒంటిమీది చీర. ఆమెకు గంగి అని ఒక్కతే కూతురు. ఐదేళ్ళ పిల్ల.

ఒక రోజు ఇంట్లో గంజి లేదు. పిల్ల ఆకలికి ఏడుస్తోంది. తిప్పక్క గుంతలోంచి నాలుగు తొక్కలు ఏరి, ఉప్పు రాసి, తన చేత్తో పెట్టింది. పిల్ల మొహం వంకర్లు తిప్పుతూ, నవ్వుతూ తింది. సాయంత్రానికి కడుపు పట్టుకుంది. తెల్లారేసరికి లేదు.

ఆ రోజునుంచి ఊళ్ళో మాట పుట్టింది, నారింజ తొక్క విషమని. ఎవరూ దాన్ని ముట్టలేదు. తిప్పక్క కాదనలేదు, అవుననలేదు. ఏ ఇంట్లో పిల్ల ఏడ్చినా తన చేతులకేసి చూసుకునేది. "తప్పు తొక్కదా? నాదా?" అని లోలోపలే తనను తానే అడిగేది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. వాన మొహం చాటేసింది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, మూడేళ్ళు. కాలవలో ఉన్న కాసిని నీళ్ళూ దొర తోటకే పోయేవి. జనం అడవిలో గడ్డలు తవ్వి, ఉడికించి, ఆ గంజి తాగారు. మట్టి వాసన వేసే చప్పటి గంజి. వయసువాళ్ళు ముక్కు మూసుకుని మింగారు. ముసలివాళ్ళకు గొంతు దిగలేదు. గంజి ఎదురుగా పెట్టుకునే నీరసించిపోయారు.

ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని తొక్కల గుంత దగ్గరికి వచ్చారు. ముందు నడిచింది కోనమ్మ. ఆమె మామ గంజి ముట్టి మూడు రోజులైంది.

తిప్పక్క చేతులు చాచి అడ్డం నిలబడింది. "ముట్టద్దండమ్మా. నా గంగి ఏమైందో చూశారు కదా!"

"మా మామ ఎట్లాగూ పోయేట్టున్నాడక్కా. ఆ పులుపూ చేదూ తగిలితే రెండు గుక్కలు దిగుతాయేమో," అంది కోనమ్మ. "తొక్కలో విషముందంటావు. నీకు తెలుసా?"

తెలుసా? ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తిప్పక్క చేతులు దించింది.

"తెలీదు," అంది. "కొన్నాళ్ళు ఆగండి. తెలుసుకుని చెబుతా."

ముందు వైద్యుడు నాగప్పయ్య దగ్గరికి వెళ్ళింది. "అయ్యా, నారింజ తొక్క మనిషిని చంపుతుందా?"

"చేదు. ఎక్కువ తింటే కడుపు నొప్పి, వాంతి. అంతేగానీ, మంచి తొక్క నాలుగు ముక్కలు తిని పిల్ల పోవడం నేనెరగను. ఆ తొక్కమీద ఇంకేముందో తోట కాచేవాణ్ణి అడుగు."

తోట కాపలాదారు ఓబన్న. ముసలివాడైపోయాడు. గట్టుమీద కూర్చుని ఉన్నాడు. తిప్పక్క ఎదురుగా కూర్చుంది.

"ఓబన్న మామా, మా గంగి పోయిన ఏడు ఈ చెట్లకు ఏమన్నా పూశావా?"

"ఏం పూస్తానమ్మా? నీళ్ళు కట్టడమే నా పని."

"మామా, ఏమన్నా పూశావా?"

"ఎప్పటి మాట ఇప్పుడెందుకు తల్లీ?"

మూడోసారి ఆమె అడగలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. ఓబన్న చేతిలోని కర్ర కింద పెట్టేశాడు.

"ఆ ఏడు గబ్బిలాలు కాయలన్నీ కొరికి పడేశాయి. కాలవ పక్క వరుసకు పాషాణం కలిపిన పసరు పూశాను. కడిగి ఒలిస్తే తొనకు అంటదన్నారు. తొక్క కూడా తినేవాళ్ళు ఉంటారని నాకు తట్టలేదమ్మా. పిల్ల పోయాక తెలిసింది. అప్పుడు చెబితే కాపలా పోతుందని భయం. తరవాత నీ మొహం చూసి చెప్పలేక భయం."

తిప్పక్కకు తొమ్మిదేళ్ళ బరువు దిగినట్టే అనిపించింది. తప్పు తన చేతిది కాదు. వెంటనే ఇంకో బరువు వచ్చి కూర్చుంది. పెట్టేముందు ఒక్క మాట అడిగి ఉంటే పిల్ల బతికేది.

లేచి నిలబడింది. "నిన్ను తిట్టే ఓపిక నాకు లేదు మామా. ఆనాడు ఏ వరుసకు పూశావో ఇప్పుడు చూపించు. రేపు గుంత దగ్గర నిలబడి ఊరికి చెప్పు. నా నోటితో కాదు, నీ నోటితో."

మర్నాడు ఓబన్న చెప్పాడు. ఏ వరుసకు ఏం పూశాడో, ఎందుకు దాచాడో అంతా చెప్పాడు. జనంలో ఒకడు రాయి తీశాడు. తిప్పక్క వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పినవాడిమీద రాయి వేస్తే, రేపటినుంచి ఈ ఊళ్ళో ఎవరూ నోరు తెరవరు."

వాడు రాయి వదిలేశాడు.

ఏ తొక్క ఏ వరుసదో తెలీదు కాబట్టి, ఆ పూటే గుంతలోని తొక్కలన్నీ లోతుగా పూడ్చారు. ఎత్తున ఉన్న మెట్ట వరుసకు ఏనాడూ ఏ మందూ తగల్లేదని ఓబన్న చెట్టు చెట్టుకూ చెయ్యి పెట్టి చెప్పాడు. తిప్పక్క కోట పానకానికి ఆ కాయలే కొత్తగా కోయించి, కడిగి, ఒలిచి, తొక్కలు ఉంచుకుంది. ముందు తనే తింది. మొదటి రోజు గోరంత. ఏమీ కాలేదు. రెండో రోజు వేలంత. ఏమీ కాలేదు. మూడో రోజు గుప్పెడు. కడుపు మెలిపెట్టి, పొద్దంతా పడుకుంది. సాయంత్రం లేచి కోనమ్మను పిలిపించింది.

"వైద్యుడు చెప్పింది నిజమే. గుప్పెడు తినకూడదు. మూడుసార్లు నీళ్ళు మార్చి ఉడికించి, మూడుసార్లూ ఆ నీళ్ళు పారబొయ్యండి. చేదు చాలావరకు పోతుంది. సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు రాసి, గంజిలోకి వేలంత ముక్క నంజుకోండి. దీంతో కడుపు నిండదమ్మా. గొంతు తెరుచుకుంటుంది. అంతే."

కోనమ్మ మామ ఆ రాత్రి ముక్క నంజుకున్నాడు. మొహం వంకర్లు తిప్పాడు. ముంతెడు గంజి తాగాడు.

తొక్క కరువును ఆపలేదు. ఆ ఏడు పోయినవాళ్ళు పోయారు. కానీ గంజి ముందు కూర్చుని నీరసించిన ముసలివాళ్ళలో చాలామంది వాన పడేదాకా ఉన్నారు. కోనమ్మ మామ తడిసిన నేలమీద తనే నాగలి పట్టాడు.

తరవాత చాలా ఏళ్ళు బతికింది తిప్పక్క. గుంత దగ్గరే కూర్చుని, వచ్చినవాళ్ళకు ఏ తొక్క తినాలో, ఏది పూడ్చాలో చెప్పేది. ఆమె పోయిన నాడు దొర రాలేదు. ఊరంతా వచ్చింది. ఓబన్న కొడుకులు పాడె మోశారు.

ఆ తోట పెన్నలో కలిసిపోయి ఎన్నేళ్ళయిందో! ఆ పక్క ఊళ్ళలో మాత్రం ఇప్పటికీ నారింజ తొక్కయినా, దబ్బకాయ తొక్కయినా పొయ్యిమీద పెట్టేముందు ఇంటామె తెచ్చినవాళ్ళను మూడు మాటలు అడుగుతుంది. ఏ చెట్టుది? ఏం మందు పడింది? కడిగావా? తెలీదంటే, ఎంత మంచి కాయైనా తొన తిని తొక్క పూడ్చేస్తారు. వండాక ముందు వండినామె వేలంత ముక్క తిని చూస్తుంది. ఆ తరవాతే పిల్లలకు పెడుతుంది.

ఇంట్లో ఎవరైనా ఏదో దాచిపెట్టి నీళ్ళు నములుతుంటే కేకలు వెయ్యరు. ఎదురుగా వచ్చి కూర్చుంటారు.

"తిప్పక్క అడుగుతోంది. చెప్పు," అంటారు.