అమ్మ గది దాటిపోయిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఊ కొట్టండి మరి, కొట్టకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను, నాకేం పోయింది!

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ పాఠం ఒక్కసారి వింటే గడగడా అప్పజెప్పేసేవాళ్లు. మూడోవాడు ఉదయసేనుడికి పొద్దున చదివింది మధ్యాహ్నానికి ఉండేది కాదు. అందరూ నవ్వేవాళ్లు. "పోనీలే నాన్నా, మళ్లీ చదువుదాం" అనేది ఒక్క వాళ్లమ్మే. ఆ తల్లి జ్వరమొచ్చి పోయింది. ఆమె గదికి తాళం వేశారు. అటు వెళ్లాల్సొస్తే వాడు తల తిప్పుకుని గబగబా దాటిపోయేవాడు. అంత కోటలో వాడితో మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు.

ఏడు సముద్రాల అవతల దీవిలో ఒక మాంత్రికుడు హేమరేఖ అనే రాకుమారిని బంధించాడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. ఆ చిలక చెప్పే పాఠం ఒక్కసారి విని, వరస తప్పకుండా తిరిగి చెబితే పంజరం తెరుచుకుంటుంది. మూడుసార్లు తప్పితే మనిషి రాయైపోతాడు. అన్నలిద్దరూ వెళ్లారు. గడగడా మొదలెట్టి, మధ్యలో ఒక్క మాట జారిపోతే ఇంక ముందుకి వెళ్లలేక, రాళ్లైపోయారు.

"అన్నలు తప్ప నాకింకెవరున్నారు?" అని ఉదయసేనుడు పడవెక్కాడు. ఒక సముద్రం దాటాడు, పలకరించేవాళ్లు లేరు. రెండోది దాటాడు, పలకరించేవాళ్లు లేరు. ఏడోది దాటేసరికి వాడి గొంతు వాడికే కొత్తగా వినిపించింది.

మొదటిసారి చిలక పాఠం చెప్పింది. వీడికి ఒక్క ముక్క గుర్తులేదు. మాంత్రికుడు పడీపడీ నవ్వాడు. ఉదయసేనుడు రాళ్లైన అన్నల మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఒక కాకి వచ్చి వాలింది. "ఎందుకయ్యా ఆ ఏడుపు?"

"నాకేదీ గుర్తుండదు కాకమ్మా."

"మీ ఇల్లు గుర్తుందా?"

"ఇల్లు మర్చిపోతారా ఎవరైనా!"

"మరింకేం, మొద్దూ! నేను తిండి దాచుకుంటే చోటు గుర్తుపెట్టుకుంటా. చోటుకి వెళితే తిండి అదే దొరుకుతుంది. కళ్లు మూసుకుని మీ ఇంట్లో నడువు. విన్న మాటల్ని ఒక్కో చోట ఒక్కోటి పెట్టు. చెప్పేటప్పుడు మళ్లీ అదే దారిన రా. ఏ గదీ వదలకు."

రెండోసారి చిలక ఊళ్ల పేర్లు చెప్పింది. పసుపుకొండ అంటే గుమ్మంలో పసుపు రాశి పోశాడు. గుర్రాలమడుగు అంటే వసారా స్తంభాలకి గుర్రాల్ని కట్టేశాడు. నెమలిపురం అంటే ఉయ్యాల మీద నెమలిని కూర్చోబెట్టాడు. తిరిగి చెబుతుంటే అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ అమ్మ గదిలో పెట్టాల్సింది. ఆ తలుపు దగ్గర కాలు ఆగలేదు, దాటిపోయాడు.

"వదలొద్దన్నానా!" అంది కాకి.

"అక్కడికి వెళ్లలేను కాకమ్మా. అమ్మ ఉండదు."

కాకి గెంతుకుంటూ వచ్చి వాడి పక్కనే కూర్చుంది.

మూడోసారి. ఇదే ఆఖరు. నిప్పులవాగు గుమ్మంలో, ఏనుగులబాట వసారాలో, అలా ఒక్కోటీ పెట్టుకుంటూ వెళ్లాడు. అమ్మ గది వచ్చింది. చిలక "తేనెపల్లె" అంది. వాడు ఈసారి ఆగి తలుపు తోశాడు. మంచం మీద అమ్మ కూర్చునే ఉంది. తేనె గిన్నె ఆమె చేతిలో పెట్టేసి వచ్చాడు.

తిరిగి చెబుతూ ఆ తలుపు దగ్గర ఆగాడు. అమ్మ వేలు తేనెలో ముంచి, "నోరు తెరు నాన్నా" అంది.

"తేనెపల్లె!" అని ఏడుస్తూనే అరిచాడు. మిగతావీ చెప్పేశాడు.

పంజరం తెరుచుకుంది, చిలక ఎగిరిపోయింది, మాంత్రికుడు కూలిపోయాడు. అన్నలు లేచి తమ్ముణ్ణి వాటేసుకున్నారు. హేమరేఖతో పెళ్లి ఎంత ఘనంగా జరిగిందో చెబితే మీరు నిద్రపోరు, వద్దు.

ఉదయసేనుడు రాజై చాలాకాలం ఏలాడు. వారానికోసారి బడికి వెళ్లి పిల్లలకి తనే ఈ కిటుకు నేర్పేవాడు. "కళ్లు మూసుకుని మీ ఇంట్లో నడవండి" అన్నాడొక రోజు. అందరూ మూసుకున్నారు. గవరమ్మ అనే పిల్ల మాత్రం మూసుకోలేదు.

"ఏమ్మా?"

"నాకు ఇల్లు లేదండి. సత్రంలో పడుకుంటాను."

రాజు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేపాడు.

"మాది చాలా పెద్దదమ్మా, ఎన్ని పాఠాలైనా పడతాయి. రా, గుమ్మం దగ్గర్నుంచి మొదలెడదాం."