మైనపు పలక మీద చెరిగిన మాట

టిమాండర్‌కు ఆ కొత్త మనిషి మీద మొదటి రోజే అనుమానం వచ్చింది.

పేరు ఆంథియాస్ అన్నాడు. ఎండుచేపల వ్యాపారం అన్నాడు. దగ్గర కూర్చుంటే చేపల వాసన రాలేదు. గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఒళ్లో మైనపు పలక పెట్టుకుని, గురువు మాట మొదలుపెట్టిన దగ్గర్నుంచి ముగించేదాకా గంటంతో గీకుతూనే ఉన్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. పాఠం కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు.

గ్రీకుల సముద్రంలో అదొక చిన్న ద్వీపం. తాళ్లు పేనేవాళ్ల వీధి చివర, పాత స్తంభాల మంటపంలో ఫీడిమస్ అనే ముసలి గురువు రోజూ పొద్దున పాఠం చెప్పేవాడు. వినేవాళ్లు పదిమంది. ఆ ఏడాది ఎండలు తగ్గిన దగ్గర్నుంచి ఆయన భయం గురించే చెబుతున్నాడు. టిమాండర్ ఆరేళ్లుగా ఆయన ఇంట్లోనే ఉంటూ వంట చూసుకునేవాడు, చెమ్మ పట్టిన గ్రంథాలను ఎండలో ఆరబెట్టేవాడు.

అతని అనుమానానికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఏడాది పక్క ద్వీపంలో ఒక గురువు, చంద్రుడు కూడా మట్టిముద్దేనన్నాడు. దేవుళ్లను తూలనాడాడని ఆయన్ని నడిచలికాలంలో ఓడెక్కించి పంపేశారు. ఆ ఓడ ఏ ఒడ్డుకూ చేరలేదు.

ఫీడిమస్ వాకిట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తుండగా టిమాండర్ వచ్చి నిలబడ్డాడు.

"గురువుగారూ, ఆ కొత్తాయన వేగులవాడని నాకు అనుమానంగా ఉంది."

"అలాగా. రాత బాగుందా?"

"నవ్వులాటకు అనడం లేదు. మీరు చెప్పిందల్లా రాసుకుంటున్నాడు."

"ఇన్నేళ్లలో నా మాట ఒకరు రాసుకోవడం ఇదే మొదలు," అన్నాడు గురువు. మళ్లీ చిక్కుళ్ల మీద పడ్డాడు.

టిమాండర్ ఊరుకోలేదు. మర్నాటి నుంచి గురువు ఎదుట కూర్చోవడం మానేసి, ఆంథియాస్ ముఖం కనిపించేలా పక్క స్తంభం దగ్గరికి మారాడు. ఏ మాట దగ్గర అతని గంటం ఆగుతోంది, ఏ మాట దగ్గర వేగం పెరుగుతోంది, ఎప్పుడు తలెత్తుతున్నాడు, ఎవరిని చూస్తున్నాడు, అన్నీ గమనించాడు. ఒకరోజు అతని వెనకే నడిచాడు. ఆంథియాస్ చేపల రేవు వైపు పోలేదు. కొండ మీది వీధికి ఎక్కి, నగర సభ పెద్ద ఇంటి పెరటి తలుపు తట్టాడు. ఎవరో తీశారు. లోపలికి వెళ్లాడు.

అనుమానం నిజమైంది. అయినా టిమాండర్ మనసు కుదుటపడలేదు. ఇతన్ని మంటపానికి తీసుకొచ్చింది ఎవరు? నీళ్లు తెచ్చే మనిషి ఈమధ్య మంటపం దగ్గర ఎందుకు ఆగుతున్నాడు? రొట్టెల దుకాణంవాడు గురువు ఏం తింటాడని ఎందుకు అడిగాడు? గురువుకు పెట్టే జావ ముందు తాను రుచి చూడటం మొదలుపెట్టాడు.

శిష్యుల్లో ఫిలిన్నా అనే నేతపని చేసే ఆవిడ ఉండేది. టిమాండర్ కన్నా పదేళ్లు పెద్దది. అతనికి జ్వరం వచ్చినప్పుడు రోజూ గంజి కాచి తెచ్చిన మనిషి. ఒకనాడు ఆమె తన అంజూరాల బుట్ట ఆంథియాస్ వైపు జరిపి, తీసుకోమంది. అతను రెండు తీసుకున్నాడు.

పాఠం మధ్యలోనే టిమాండర్ లేచాడు.

"మీరేనా ఇతన్ని తెచ్చింది? ఏమిస్తున్నారు మీకు?"

ఫిలిన్నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మెడ దాకా ఎర్రబడింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. బుట్ట తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు.

ఆ మర్నాడు ఫీడిమస్ పాఠం మొదలుపెట్టలేదు. గొంతు సవరించుకుని ఆంథియాస్ వైపు తిరిగాడు.

"నాయనా, నాకివాళ గొంతు సరిగా లేదు. ఇన్నాళ్లూ నేను చెప్పింది నీ దగ్గరుందిగా. నువ్వే చదువు."

ఆంథియాస్ ముఖం పాలిపోయింది. కదల్లేదు. గురువు అలాగే చూస్తూ కూర్చున్నాడు. చివరికి అతను సంచిలోంచి పలకలు తీసి, లేచి నిలబడి, మెల్లిగా చదవడం మొదలుపెట్టాడు.

ఒక్క మాటా మారలేదు. ఫీడిమస్ ఎలా చెప్పాడో అలాగే ఉంది. "నీళ్లలో పడ్డవాడికి తన చుట్టూ ఉన్న నీళ్లే తగులుతాయి. ఒడ్డున నిలబడి భయపడేవాడికి సముద్రమంతా తగులుతుంది." ఇంకా చదివాడు. భయం అంటే ఏమిటి, ధైర్యవంతుడికి భయం ఉంటుందా, తెగింపుకీ ధైర్యానికీ తేడా ఏమిటి. టిమాండర్‌కు అవన్నీ కొత్తగా వింటున్నట్టు ఉంది.

ఒకచోట ఆంథియాస్ ఆగాడు. సంచిలో పలకలు ఒకదానికొకటి రాసుకుని అక్షరాలు చెరిగిపోయాయి.

"భయపడేవాడి కళ్లు పెద్దవవుతాయి. చెవులు..."

గురువు టిమాండర్ వైపు చూశాడు. "తర్వాత మాట నువ్వు చెప్పు."

టిమాండర్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

"ఆ రోజు ఇక్కడ లేవా?"

"ఉన్నాను గురువుగారూ. ఇతన్ని కనిపెట్టుకుని ఉన్నాను."

"చెవులు మూసుకుపోతాయి," అన్నాడు ఆంథియాస్ తల వంచుకుని. "అదీ ఆ మాట."

టిమాండర్‌కు సిగ్గూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఇతను సభ పెద్ద మనిషి! ఆ ఇంటి పెరటి తలుపు తట్టడం నా కళ్లతో చూశాను!"

"నిజమేనా?" అని అడిగాడు గురువు, రేవుకు ఓడ వచ్చిందా అని అడిగినంత మామూలుగా.

ఆంథియాస్ పలకలు కిందికి దించాడు. "నిజమే."

"ఏదీ, ఇలా ఇవ్వు."

ఫీడిమస్ పలకలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని వరసగా చూశాడు. గంటం అడిగి తీసుకుని, ఒకచోట ఒక అక్షరం దిద్దాడు. చెరిగిన చోట ఆ మాట తిరిగి రాశాడు. పలకలు వెనక్కిచ్చేశాడు.

"ఇప్పుడు సరిపోయింది. తీసుకెళ్లి చూపించు."

ఆంథియాస్ మెట్లు దిగి వెళ్లాడు. మళ్లీ ఆ వీధిలో కనిపించలేదు.

నాలుగు రోజులకు సభ నుంచి పిలుపు వచ్చింది. గురువు వెంట నడుస్తూ టిమాండర్ దారిలో అడిగాడు.

"మీకు భయం లేదా గురువుగారూ?"

"లేకేం? ఈ కాలంలో ఓడెక్కమంటే మోకాళ్లు వణుకుతాయి," అన్నాడు ఫీడిమస్. అడుగు మాత్రం ఆపలేదు.

సభలో పలకలు చదివించారు. ఇవి నీ మాటలేనా అని అడిగారు. నావేనన్నాడు. దేవుళ్లను తూలనాడిన మాట అందులో ఎక్కడా దొరకలేదు. ఏదో ఒకటి చెప్పి పంపాలి కనుక, ఇకమీద మంటపంలో పాఠాలు చెప్పవద్దని చెప్పి పంపేశారు. పలకల్లో ఒక్క మాటైనా మార్చమని ఆంథియాస్‌ను ఎవరైనా అడిగారా, అడిగితే అతను ఎందుకు మార్చలేదు, టిమాండర్‌కు ఎన్నటికీ తెలియలేదు.

పాఠాలు తోళ్లు పదును చేసేవాళ్ల వాడలో ఒక పెరట్లో మళ్లీ మొదలయ్యాయి. భరించలేని కంపు. అయినా అందరూ వచ్చారు, ఫిలిన్నా తప్ప. టిమాండర్ ఇప్పుడు గురువు ఎదురుగానే కూర్చుంటున్నాడు. కానీ వీధి వైపు ఏ చప్పుడైనా తల తిప్పి చూస్తున్నాడు.

వారం గడిచాక ఒక మధ్యాహ్నం, చెప్పు తెగితే కుట్టుకుంటున్న గురువు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నేను ఫిలిన్నా గారింటికి వెళ్లాలి."

గురువు దారం నోటితో తడుపుకుంటూ తలూపాడు.

టిమాండర్ లేవలేదు.

"మీరే పంపారనుకుంటుందేమో. నా మాట ఎలా నమ్ముతుంది? ముఖం మీదే తలుపు వేసేస్తే?"

ఫీడిమస్ సూది దింపి, చేతిలోని పని ఆపి అతని వైపు చూశాడు.

"నువ్వింకా ఒడ్డునే ఉన్నావు నాయనా," అన్నాడు.