సూది తీయని బొంత

పక్కవాడి పలక చూసి లెక్క రాసుకుని, పంతులుగారి ముందు "నేనే చేశానండీ" అన్నది నువ్వేగా? తల దించుకోకు, ఇటు చూడు. అదేదో చిన్న తప్పనుకుంటున్నావు. అలాంటి చిన్న తప్పే చేసినవాడి సంగతి చెబుతాను, కదలకుండా విను.

అనగనగా ఒక కొండ రాజ్యం. అక్కడ ఎండ ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్ళిపోయేది. చలి మాత్రం ఒకసారి వచ్చిందంటే మొండి చుట్టంలా తిష్ట వేసేది.

ఆ రాజ్యంలో అచ్చియమ్మ అనే అవ్వ ఉండేది. ఆమెకు బొంతలంటే ప్రాణం. ఇంటింటికీ తిరిగి చిరిగిన పంచెలు, వెలిసిన చీరలు, పిల్లలకు పొట్టైపోయిన చొక్కాలు అడిగి తెచ్చుకునేది. ఉతికి, ఆరేసి, ముక్కలు కత్తిరించి, పొర మీద పొర వేసి కుట్టేది. ఒక బొంత ఒడిలో ఉంటే ఇంకొకటి దండెం మీద, మరొకటి అరుగు మీద ఉండేవి. ఎర్ర ముక్క దొరికితే ఒకదాని దగ్గరికి, పచ్చ ముక్క దొరికితే ఇంకోదాని దగ్గరికి పరుగెత్తేది.

ఆమెకు ఒక నియమం ఉంది. పని ఆపి లేచేటప్పుడు సూదిని దారంతో సహా ఆ బొంత పొరల్లోనే గుచ్చి ఉంచేది. ఇంకో బొంతకు ఇంకో సూది. నీ ఇంట్లో గుడ్డలకంటే సూదులే ఎక్కువని ఇరుగుపొరుగు నవ్వేవారు. ఆమె కూడా నవ్వి ఒకటే మాట చెప్పేది.

"సూది ఉన్నంతకాలం బొంత నాది. సూది తీశాక కప్పుకునేవాళ్ళది."

ఆ ఏడు గొర్రెలు కాసే రంగికి నెలలు నిండాయి. చలి ముదిరేలోగా పుట్టబోయే బిడ్డకు బొంత ఇస్తానని అచ్చియమ్మ మాట ఇచ్చింది. దండెం మీద ఉన్నది ఆ బొంతే. ఒక్క అంచు కుట్టడమే మిగిలింది.

అదే చలికి కోటలో రాజుగారు కూడా వణికిపోయారు. పట్టు శాలువాలు మెరుస్తున్నాయే తప్ప చలి ఆపడం లేదు. వెచ్చని బొంత కుట్టి తెమ్మని, నచ్చితే దర్జీలందరికీ పెద్దను చేస్తానని ఆస్థాన దర్జీ సాంబన్నతో చెప్పారు.

సాంబన్నకు పాత గుడ్డ ముట్టుకోవడం నామోషీ. మొదట కొత్త పట్టుతో కుట్టాడు. అది రాజుగారి మీద నిలవకుండా జారి కింద పడింది. తర్వాత గంజి వదలని కొత్త నూలు గుడ్డతో కుట్టాడు. అది తలుపు చెక్కలా బిర్రబిగిసింది. మూడోసారి కుట్టే ఓపిక లేకపోయింది. అచ్చియమ్మ గుడ్డల కోసం వీధిలోకి వెళ్ళిన సమయం చూసి, దండెం మీది బొంత లాక్కుపోయాడు.

ఇంటికి తెచ్చి చూస్తే ఒక మూల దారం వేలాడుతోంది. ముసలిదాని పనితనం ఇంతేననుకుని దాన్ని కొరికి పారేశాడు. కుట్టని అంచు కనబడకుండా వెడల్పాటి జరీపట్టీ వేసేశాడు. దారం ఉన్నచోట సూది కూడా ఉంటుందని ఆ దర్జీకి తోచలేదు.

మర్నాడు బొంతను మూటకట్టి కోటకు బయలుదేరాడు. వాకిట్లో కావలి పోలయ్య అడిగితే, బొంత అనీ, ప్రతి కుట్టూ తనదే అనీ చెప్పాడు. లోపల రాణిగారు అడిగితే అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పాడు. నిండు సభలో రాజుగారు అడిగితే గొంతెత్తి చెప్పాడు.

రాజుగారు బొంత కప్పుకున్నారు. ఆహా, ఎంత వెచ్చగా ఉందని మెచ్చుకున్నారు. హాయిగా సింహాసనం మీద వెనక్కి వాలారు. మరుక్షణం ఎగిరి నిలబడ్డారు. ఎక్కడ గుచ్చుకుందో సభలో చెప్పేది కాదు, నేనూ చెప్పను.

జరీపట్టీ ఊడబీకితే వేలెడు పొడవు సూది బయటపడింది.

"సాంబన్నా, ఇదేమిటి?" అన్నారు రాజుగారు.

"నాది కాదు ప్రభూ."

"ప్రతి కుట్టూ నీదే అన్నావు. కుట్టు నీదైతే సూది ఎవరిది?"

సాంబన్న ఇరుక్కుపోయాడు. సూది తనదంటే రాజును పొడిచినవాడవుతాడు. కాదంటే దొంగవుతాడు. రెండింటి మధ్యా ఒక సందు వెతుక్కున్నాడు. బొంతలు కుట్టే అచ్చియమ్మకు తన మీద కన్నుకుట్టి, ఎప్పుడో వచ్చి సూది దూర్చి ఉంటుందన్నాడు.

అచ్చియమ్మకు కబురు వెళ్ళింది. అప్పటికామె పోయిన బొంత కోసం ఊరంతా గాలిస్తోంది. రంగికి ఆ తెల్లవారుజామునే ఆడపిల్ల పుట్టింది. తల్లి కొంగు చాలక బిడ్డ వణుకుతోంది. దారి పొడుగునా జనం అవ్వకు ఒకటే బోధించారు. సూది నీది కాదని చెప్పు, తల దక్కుతుందన్నారు. ఆమె ఆగకుండా కోటకు నడిచింది.

రాజుగారు సూది చూపించి, ఇది నీదా అని అడిగారు.

"నాదే ప్రభూ."

రాజుగారు ముందుకు వంగారు.

"నాకు గుచ్చుకుందని తెలిసే చెబుతున్నావా అవ్వా?"

"తెలుసు ప్రభూ. దండన వేయండి, పడతాను. కానీ ఆ సూది కోసమే నిన్నటినుంచీ వెతుకుతున్నాను. ఆ బొంత ఇంకా పూర్తి కాలేదు. ఇంట్లో ఇంకా రెండున్నాయి, వాటిలోనూ సూదులుంటాయి, మనిషిని పంపి చూడండి."

ఆమె బొంత మీద చెయ్యి పెట్టి ముక్కముక్కకూ పేరు చెప్పసాగింది. ఇది చేపలమ్మే గౌరి చీర. ఇది కంసాలి బ్రహ్మయ్య తువ్వాలు. ఈ నీలం ముక్క వాకిట్లో నిలబడ్డ పోలయ్య తలపాగా. పోలయ్య వంగి చూసి, అవును ప్రభూ, ఎలక కొరికిన చిల్లుకు వేసిన మాటు కూడా ఉందన్నాడు. సభ గొల్లుమంది. రాజుగారు సాంబన్న వంక చూశారు. వాడు నేల వంక చూశాడు.

"అవ్వా, నీకు దండన లేదు. ఈ బొంత నాకిస్తావా?" అన్నారు రాజుగారు.

"ఇది రంగి బిడ్డకు మాట ఇచ్చాను ప్రభూ. మీకు వేరే కుడదాం. మీ పాత అంగీలు ఇవ్వండి."

"నా దగ్గర పాతవి ఉండవే. ఏడాదికోసారి మార్చేస్తారు."

"అయితే ఈసారి మార్చనివ్వకండి. అరిగేదాకా తొడుక్కోండి. అరిగిన గుడ్డే వెచ్చగా ఉంటుంది."

రాజుగారు పకపకా నవ్వి సరేనన్నారు. అచ్చియమ్మ అక్కడే కూర్చుని అంచు కుట్టేసింది. ముడి వేసి, దారం తెంపి, సూది తీసి కొప్పులో పెట్టుకుంది. సాయంత్రానికి రంగి బిడ్డ బొంతలో వెచ్చగా నిద్రపోయింది.

సాంబన్న కొలువు పోయింది. అచ్చియమ్మ అరుగు మీద కూర్చుని, రాజుగారి బొంత వాడే స్వయంగా కుట్టాలని తీర్పు అయింది. వేళ్ళు పొక్కాయి, నడుం పట్టేసింది. అవ్వ వంకర కుట్టు కనబడితే విప్పించి మళ్ళీ కుట్టించింది. మరుసటి చలికాలానికి బొంత పూర్తయింది. నిజంగా బాగుంది.

దాన్ని భుజాన వేసుకుని వాడు కోటకు వెళ్ళాడు. పోలయ్య వాకిట్లో అడ్డం నిలబడి, ఈసారి ఎవరి దండెం మీదిదని అడిగాడు. ప్రతి కుట్టూ నాదేనన్నాడు సాంబన్న. పోలయ్య నవ్వాడు. రాణిగారు నవ్వారు. సభంతా నవ్వింది. రాజుగారు మాత్రం నవ్వకుండా, ఎందుకైనా మంచిదని బొంతంతా తడిమి చూసుకుని మరీ కప్పుకున్నారు.

పరాయి పని ఒక్కసారి తనదని చెప్పినందుకు, తన చేత్తో చేసిన పనిని తనదంటే నమ్మే మనిషి ఆ రాజ్యంలో వాడికి చచ్చేదాకా దొరకలేదు.