ఎడమకే ఒరిగే భక్తి

నగారా మోగితే చాలు, జిలాని తూలి పడిపోయేవాడు.

కర్నూలు దగ్గర కొండకింద దర్గాలో మూడేళ్లుగా అతనిది వంటశాల పని. నెల రోజులుగా మాత్రం, గురువారం సాయంత్రం పెద్ద నగారా మీద దెబ్బ పడగానే లోకం గిర్రున తిరిగేది. కాళ్లు తేలిపోయేవి. దైవం తాకిందన్నారు జనం. పడ్డవాణ్ని లేపడానికి ఒక్క చెయ్యీ రాలేదు గానీ, కాళ్లకు మొక్కడానికి నలభై చేతులు వచ్చాయి. నాలుగో వారానికి జిలాని కూడా నమ్మేశాడు.

మర్నాడు గురువు రహంతుల్లా బాబా ముందు కూర్చుని మనసులో మాట చెప్పేశాడు. ఇక వంట డేగిసాలు తోమడం తన వల్ల కాదని, ఫకీర్లు కట్టే ఆకుపచ్చ తలపాగా ఇప్పించమని.

"అహం చచ్చిన చోటే దైవం పుడుతుంది బాబా," అన్నాడు. ఎక్కడో చదివిన మాట.

బాబా కాదనలేదు. నగారా దగ్గరికి తీసుకుపోయాడు.

"ఎటు పడతావు బేటా?"

"ఎడమకి."

"నాలుగుసార్లూనా?"

"నాలుగుసార్లూ."

"కుడివైపు కూడా అల్లాదే కదా," అన్నాడు బాబా. నగారా కొట్టే ముసలాయన మీసాల్లో నవ్వుకున్నాడు.

బాబా తన చెవి మడతలోని అత్తరు దూది తీసి, దానికి మైనం రాసి, జిలాని ఎడమ చెవిలో కూరాడు. పైన అరచెయ్యి గట్టిగా అదిమిపట్టి, కొట్టమని సైగ చేశాడు.

జిలాని రొమ్ము అదిరింది. పాదాల కింద బండ వణికింది. లోకం మాత్రం తిరగలేదు.

బాబా చెయ్యీ, దూదీ తీసేశాడు. మళ్లీ ఒక్క దెబ్బ. జిలాని ఎడమకు ఒరిగి కూలబడబోతుంటే బాబా పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు.

జిలాని ముఖం వాడిపోయింది. అయితే తనను తాకింది దైవం కాదా, ఉత్త చెవి జబ్బా అని అడిగాడు.

"చెవి లోపల కందిగింజంత చోట అల్లా ఒక తూకం పెట్టాడు," అన్నాడు బాబా. "పెద్ద చప్పుడు సోకితే నీకది చెదురుతోంది. సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి పోదాం."

జిలాని భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "పడ్డ నాలుగుసార్లూ ఆయన్ని తలుచుకున్నావు. పడకుండా నడిచిన ఇరవై ఆరేళ్లూ నిన్ను ఎవరు నిలబెట్టారనుకున్నావు?"

జిలాని లేచి నిలబడ్డాడు. చాలాసేపు అలాగే నిలబడి ఉన్నాడు, తన పాదాలను ఎవరో అప్పుడే ఇచ్చినట్టు చూసుకుంటూ.