సగంలో ఆగిన మహలు

కొండమరాజుకు ఒక ఊహ పుట్టిందంటే ఇక పట్టపగ్గాలుండవు. రాణి నాగాంబకు మాటమాత్రమైనా చెప్పకుండా అడవి అంచున, వాగు ఒడ్డున పెద్ద మహలు కట్టించేశాడు. తీరా గృహప్రవేశం నాడు రాణి గుమ్మంలోనే నిలబడి ఒక్క చూపు చూసి, "బాగానే ఉంది, మీరుండండి" అని పల్లకీ వెనక్కి తిప్పించింది!

రాజుకు తల కొట్టేసినట్టయింది.

"రాణి తనంతట తానే ఈ మహల్లో అడుగుపెట్టేలా చేసినవాడికి నా ముత్యాలహారం ఇస్తాను. చేస్తానని చెయ్యలేనివాడు పొలిమేర దాటాలి!" అన్నాడు సభలో.

మహలు కట్టిన ఆస్థానశిల్పి మార్కండాచారి మీసం దువ్వాడు.

"రాణిగారికి శిల్పం విలువ తెలియాలి కదా, ప్రభూ! పైన నాలుగు బంగారు కలశాలు తగిలిస్తే వారే పరుగెత్తుకొస్తారు."

తగిలించాడు. రాణి రాలేదు. ఆచారి మూటాముల్లె సర్దుకోక తప్పలేదు. పాపం, అతని భార్య ఏడుపు చూసి విదూషకుడు తిప్పన మనసు కరిగిపోయింది.

"ప్రభూ, ఆచారిగారిని ఆపండి. రాణిగారిని నేను రప్పిస్తాను."

"రప్పించలేకపోతే ఇద్దరూ కలిసి పోవాలి!"

తిప్పన నవ్వి తలూపాడు.

రాజు వేటకెళ్లి తిరిగొచ్చేసరికి ఏముంది? మహలుకు కప్పు లేదు, తలుపుల్లేవు, గోడలు నిలువెత్తున ఆగిపోయి ఉన్నాయి.

"ఓరి నీ దుంపతెగ! మహలు కూల్చేశావట్రా?"

"కూల్చలేదు ప్రభూ, సగానికి తెచ్చాను. అటు చూడండి."

వాగు మీదికి వంగిన ఈతమట్టకు గిజిగాడి గూడు వేలాడుతోంది. అదీ సగమే. దాన్ని పట్టుకుని మగపిట్ట రెక్కలు టపటపలాడిస్తూ ఒకటే పిలుపు. ఆడపిట్ట వచ్చింది. ముక్కుతో పోచలు లాగి చూసింది. తుర్రుమంది. మగపిట్ట విసుక్కోకుండా పక్క మట్టకు కొత్త గూడు మొదలెట్టింది.

"అయ్యో పాపం! సగం అల్లి ఆపేశాడేం వాడు?"

"ఆవిడకు నచ్చితేనే మిగతా సగం అల్లుతాడు, ప్రభూ.

పిడికెడంత పిట్ట కూడా పెళ్లాన్ని అడక్కుండా వాకిలి పెట్టదు!"

రాజు నోరు తెరిచేలోగా గోడల మధ్య నుంచి రాణి గొంతు ఖంగుమంది.

"తిప్పనా! ఎలా కట్టాలో చెప్పమని కబురుపెట్టి అక్కడేం చేస్తున్నావు? ఈ కిటికీ వాగు వైపు తిప్పించు. వంటిల్లు ఇంత ఇరుకా? ఆచారిగారూ, ఆ గోడ తీసేయండి!"

"చిత్తం తల్లీ, చిత్తం!" అంటూ ఆచారి చెమటలు కక్కుతూ పరుగెత్తాడు.

రాజు పగలబడి నవ్వి, మెళ్లో హారం తీసి తిప్పన మెడలో వేశాడు.

"ఒరేయ్, ఈసారి కట్టేది కూడా ఆవిడకు నచ్చకపోతేనో?"

"వాగొడ్డున చోటు బోలెడుంది, ప్రభూ!"